కూలికి నోట్లు

పందొమ్మిది వందల అరవై నాలుగులో నెల్లూరు జిల్లా కోట పక్క మొలగొలుకుల వరి కోతలు మొదలైన రోజున ముత్యాలయ్య కూలివాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి, ఈ ఏడు వడ్లు కొలవననీ, రోజుకు రెండు రూపాయల నోటు ఇస్తాననీ చెప్పాడు. ఆయన తాత నాటి నుంచీ ఆ కయ్యల్లో కూలంటే కుంచెడు వడ్లే. అవి అమ్ముకున్నా రెండు రూపాయలు రావు. అందరూ సంతోషించారు, మగ్దలీనమ్మ తప్ప.

పదిహేనేళ్లుగా అక్కడే కోత కోస్తున్న మనిషి ఆమె. చుట్టకు కూడా బేరమాడే ముత్యాలయ్య అడక్కుండానే ఎక్కువ ఇస్తాననడం ఆమెకు మింగుడు పడలేదు. పక్కింటి సామ్రాజ్యంతో ఆ మాటే అంది. నీకన్నీ అనుమానాలేనని సామ్రాజ్యం కొట్టిపారేసింది.

సాయంత్రం అందరూ వెళ్లాక మగ్దలీనమ్మ నిలబడిపోయింది. "నాకు వడ్లే కొలవండయ్యా."

ముత్యాలయ్య ఎగాదిగా చూశాడు. "నెల్లూరు మిల్లుల్లో నీకెవురన్నా ఉండారా? ఏం విన్నావు?"

"నేనేం వినలా. మీరు విన్నదేందో చెప్పండి."

ఆయన గొంతు తగ్గించాడు. "నేనూ ఏం వినలా మే. అదే నా భయం. ధర ఏ వారం ఎట్టుంటాదో మిల్లోళ్లకే తెలియడంలా. పెట్టెలో నోట్లుండే కంటే గాదెలో వడ్లుంటే ధైర్యం."

ఆ మాట ఎంతవరకు నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది. వడ్లు మాత్రం కొలిపించుకుంది. కోతలయ్యేసరికి ఇంట్లో రెండు గోతాలు నిండాయి గానీ, ఉప్పుకూ కిరసనాయిలుకూ చేతిలో పైసా లేక మొగుడు రోజూ సాధించేవాడు. సామ్రాజ్యం కొత్త చీర కట్టుకుని చర్చికి వచ్చిన ఆదివారం, తానే పొరపాటు పడ్డానేమో అనుకుంది మగ్దలీనమ్మ.

ఆషాఢానికి బియ్యం ధర పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి అయింది. నోట్లు తీసుకెళ్తే కొట్లవాళ్లు సరుకు లేదంటున్నారు. ఒకరోజు సామ్రాజ్యం మిగిలిన నోట్లు కొంగున కట్టుకుని వచ్చింది.

"రెండు కుంచాలు వడ్లియ్యక్కా. నువ్వెంతంటే అంతిస్తా."

ఎంతనాలో మగ్దలీనమ్మకు తోచలేదు. ఈనాటి ధర చెబితే, రేపు అదే డబ్బుకు కుంచెడు వస్తుందో రాదో. ఎక్కువ చెబుదామంటే మనసొప్పలేదు. వడ్లు కొలిచి పోసింది.

"నోట్లు నీ కాడే పెట్టుకో. కోతలప్పుడు వడ్లకు వడ్లే ఇయ్యి."

ధర ఇంకా పెరుగుతుందని తెలిసే అడుగుతోందనుకుంది సామ్రాజ్యం. మరుసటి కోతల్లో గింజ తగ్గకుండా తెచ్చి పోసింది గానీ, ఆ తర్వాత చాలాకాలం ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరిగానే నడిచాయి.