ఎండాకాలం స్వెట్టర్

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఖదీజా వీధి మొదట్లో కేకేసేసరికి, చందన బీరువా అడుగునున్న మూట విప్పి కూర్చుంది. చిరిగిన చీరలు రెండు, మొగుడు గోపీకృష్ణ ప్యాంట్లు మూడు పక్కన పెట్టింది. చివరికి ఆ ఆకుపచ్చ స్వెట్టర్ చేతికొచ్చింది.

దాన్ని ముట్టుకుంటేనే ఒళ్ళు దురద. పెళ్ళయిన తొలి చలికాలంలో, అంగట్లో కొత్త సరుకని చెప్పి అత్త శకుంతలమ్మ ఇచ్చింది. ప్రొద్దుటూరులో పేరున్న బట్టల అంగడి వాళ్ళది, మంచి ఉన్నే అయుంటుందని సంబరపడింది చందన. తెల్లవారి కొళాయి దగ్గర నిలబడితే చలి ఆగదు, మెడంతా గీరుతుంది. దానికున్న గుణమల్లా పొడుగు చేతులే. ఉగాదికి ముందురోజు అంగడికి క్యారియర్ ఆలస్యమైందని గోపీకృష్ణ ఆమె చెయ్యి మెలిపెట్టాడు. "నువ్వే నాకు కోపం తెప్పిస్తాండావు" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. పండగనాడు చుట్టాలొస్తే, జ్వరమని చెప్పి స్వెట్టర్ తొడుక్కోమంది అత్త. ఆ ఎండలో చెమటలు కక్కుతూ అందరికీ వడ్డించింది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని తనకు తానే నచ్చజెప్పుకుంది. చేతి మీద కమిలిన మచ్చ ఇంకా మాయలేదు.

స్వెట్టర్ మూటలో పెట్టబోతుంటే వంటింటి గడప మీద అత్త నిలబడి ఉంది.

"అది ఇయ్యబాక."

"ఎండలొచ్చినాయి గదత్తా. ఇంగెందుకు?"

"పనికొస్తాది" అంది శకుంతలమ్మ. గొంతు పెంచలేదు. అయినా చందన స్వెట్టర్‌ను మూటలో దోపుకుని వసారాలోకి నడిచింది.

ఖదీజా ఒక్కొక్క బట్టనూ వెలుతురుకు పట్టి చూసి, చిరుగులు లెక్కబెట్టి, పెదవి విరిచింది. స్వెట్టర్ చెయ్యి తిరగేసి మోచేతి దగ్గర నల్లదారం కుట్టు మీద వేలు ఆపింది. ఇంటి లోపలికొకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఈ కుట్టు నేనే ఏసినా బిడ్డా. ఇది లక్ష్మీప్రియది."

లక్ష్మీప్రియ గోపీకృష్ణ మొదటి పెండ్లాం. మిద్దె మెట్ల మీద జారిపడి పోయిందని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. ఆమె ఫొటో ఒక్కటైనా ఆ ఇంట్లో లేదు. చనిపోయినదాని బట్టలన్నీ పంచేసినా, ఇది ఉన్ని కదా అని అత్తకు పారేయబుద్ధి కాలేదేమో అనుకుంది చందన.

"మే నెల ఎండలో తొడుక్కోని ఉండె. నాకిచ్చేస్తానని ఇట్లనే తెచ్చింది. మీ అత్త పనికొస్తాదని లాక్కోని పోయె. ఆ వారమే ఆ పాప..." ఖదీజా మాట మింగేసింది.

లోపల శకుంతలమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. "గోపీ, అంగడి పిల్లోల్లకు అప్పజెప్పి ఒకసారి ఇంటికి రా నాయనా."

చందన కాళ్ళ కింద మెట్టు కదిలినట్టయింది. స్వెట్టర్ తిరిగి బీరువాలో పెట్టేస్తే ఈ పూటకు గండం గడుస్తుంది. అతనొచ్చేసరికి మజ్జిగ కలిపి ఇస్తే నవ్వనూవచ్చు. ఆ తర్వాత ఒకరోజు తన ఫొటో కూడా ఈ గోడల మీద ఉండదు. స్వెట్టర్ మాత్రం ఉంటుంది.

ఖదీజా గిన్నెలు ముందుకు జరిపి ఏది కావాలో తీసుకోమంది. చందన చెప్పులు తొడుక్కుని, స్వెట్టర్ను తన చేత్తోనే ఆమె గంపలో అడుక్కి తోసింది.

"నాకేం వద్దు. మా అమ్మోళ్ళ ఊరు సింహాద్రిపురం బస్సెక్కేదాకా నా పక్కన నడువు, చాలు. దీన్ని మాత్రం తీసుకుపో ఖదీజమ్మా. ఈడుంటే ఇంగొకదానికి తొడిగిస్తారు."