అడగకుండా వేలు పెట్టిన గడి

వంశధార గట్టు తెంపుకొచ్చిన మరుసటి ఏడు జరిగిందిది. నేను ఒక రంగుల గళ్ళ అట్టను. చక్కెర జబ్బున్న మనిషికి పదేళ్ళలో గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో చెప్పడం నా పని. వయసు, రక్తపోటు, పొగ అలవాటు అడిగి గడి పట్టుకోవాలి. పచ్చ అయితే నిమ్మళం. నారింజ అయితే బిళ్ళలు. ఎరుపు అయితే వెంటనే పట్నం ఆసుపత్రి. ఇంతే. ఇంతమాత్రం కూడా మనుషులకు చేతకాదు.

అచ్చాఫీసు నుంచి వచ్చాక ఒక గుమాస్తా రెండేళ్ళు నన్ను అన్నం కారియరు కింద వేసుకున్నాడు. పులుసు మరక ఇంకా పోలేదు. తర్వాత ఈ ఊరి ఉపకేంద్రంలో నర్సు కనకరత్నం చేతికి వచ్చాను. ఆమెది గుంటూరు వైపు. మంచి మనిషే. కానీ చుట్ట సంగతి మగవాళ్ళనే అడుగుతుంది. ఆడవాళ్ళనైతే అడక్కుండానే తాగనివాళ్ళ వరసలో వేలు పెట్టేస్తుంది. ఈ పక్క ఆడవాళ్ళు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని ఆమెకెవరు చెప్పాలి? చెబుదామంటే నాకు నోరు లేదు.

ఆ రోజు దాలినాయుడు, అతని భార్య పోలమ్మ వచ్చారు. ఇద్దరికీ చక్కెరే. ఆయన చుట్ట ఒప్పుకున్నాడు. ఎరుపు. పొద్దున్నే వచ్చి చీటీ రాయించుకుని పట్నం వెళ్ళమంది నర్సు.

"సూసినావా! మానీమంటే ఇన్నావేటి?" అని పోలమ్మ నవ్వింది.

ఆమెకు నారింజ. "నీకు బిళ్ళలు చాలమ్మా, మూడు నెలలకి రా," అంది నర్సు.

నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగి, గుండె మీద చెయ్యి వేసుకున్న మనిషికి మూడు నెలలట! దాలినాయుడు నోరు తెరిచాడు, మూశాడు. పరాయి మనిషి ముందు పెళ్ళాం గుట్టు విప్పడమా? వెళ్ళిపోయారు. పళ్ళుంటే కొరుక్కునేదాన్ని.

మర్నాడు నర్సు తలుపు తీసేసరికి దాలినాయుడు మెట్ల మీద ఉన్నాడు, పోలమ్మ రెక్క పట్టుకుని.

"సెప్పడు, పెట్టడు, లాక్కొచ్చీసినాడమ్మా!" అంటోంది ఆమె.

ఆయన నన్ను గోడ మేకు నుంచి దించి బల్ల మీద పరిచాడు. పంచె మడతలోంచి సగం కాలిన చుట్ట తీసి నా మీద పెట్టాడు.

"ఇది నాది కాదు నర్సమ్మా. దీన్ది. రోజుకి నాలుగు. నిప్పు నోట్లోకే."

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సిగ్గు నేదేటి నీకు?"

"సిగ్గు నాను పడతాను. నువ్వు బతుకు."

కనకరత్నం వేలు నారింజ మీద నుంచి పక్క వరసకు జరిగి, ఎరుపు మీద ఆగింది. ఇన్నాళ్ళకి!

దాలినాయుడు ఇద్దరికీ చీట్లు రాయించుకుని, ఆమె చెయ్యి వదలకుండా ఎనిమిది గంటల పట్నం బస్సెక్కాడు.