హిమశ్రీ ఒప్పుకున్న పని

కౌన్సెలింగ్ డిప్లొమాకి చివరి పరీక్ష అంటే కాగితం మీద రాసేదే అనుకుంది హిమశ్రీ. తీరా చూస్తే మనిషి కావాలట! నిజంగా బాధ ఉన్న మనిషొకరు వరసగా మూడు ఆదివారాలు వచ్చి ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో మానేశారో, ఏడాది గోవిందా.

"సలహా ఇవ్వొద్దు. వాళ్లు చెప్పిందే నీ మాటల్లో తిరిగి చెప్పు. విన్నావని వాళ్లకు తెలియాలి," అని పాఠం చెప్పే సుభాషిణి మేడం నూటొక్కసారి చెప్పింది. చెప్పడానికేం! ఊరందరికీ సలహాలు పంచకపోతే అన్నం సహించని పిల్లకి అదెంత నరకమో ఆవిడకేం తెలుసు?

తెలుగు వలస నేతగాళ్లుండే బమ్రోలి గల్లీలో ఆమెకు దొరికిన మనిషి లస్మయ్య. జగిత్యాల వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లుగా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు. ఆ చప్పుడుకు అలవాటుపడి, ఆయన రహస్యం చెప్పినా వీధి చివరకు వినిపిస్తుంది.

మొదటి ఆదివారం వచ్చీ రాగానే అరిచాడు. "మా ఇంటామె బాలవ్వ నాతోని మాట్లాడ్తలేదు బిడ్డా! వారమాయె. ఎట్లన్న జేసి మాట్లాడాలె!"

హిమశ్రీ నాలుక చివర అరడజను సలహాలు గంతులేశాయి. అన్నింటినీ మింగి, "బాలవ్వ చిన్నమ్మ మీతో మాట్లాడాలి. అంతే కదా కాకా?" అంది.

లస్మయ్య ముఖం వెలిగిపోయింది. "గంతే! ఇగ నాకు రంది లేదు," అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ముప్పావు గంట కూర్చోవాల్సిన మనిషి నాలుగు నిమిషాల్లో మాయం.

రెండో ఆదివారం నిప్పులు కక్కుతూ వచ్చాడు. "ఏంది బిడ్డా! పని ఒప్పుకొని వారమాయె. మా ఇంటి మొఖానన్న రాకపోతివి!"

"నేనేం ఒప్పుకున్నాను కాకా?"

"నేను జెప్పిన మాట మళ్ల చెప్పలేదా నువ్వు?"

అప్పుడు వెలిగింది హిమశ్రీకి. కార్ఖానాలో ఆ మోతకి ఎవరికీ ఏమీ వినిపించదు. మేస్త్రీ అరిచి పని చెప్తాడు, నేసేవాడు ఆ మాటే తిరిగి అరుస్తాడు. తిరిగి అరిచాడంటే ఆ పని నెత్తినేసుకున్నట్టే. ఈ అమాయకురాలు నవ్వు ముఖంతో ఒకరి కాపురాన్ని నెత్తినేసుకుంది!

"మాట మీద నిలవడనోళ్లతోని నాకేం పని?" లస్మయ్య లేచాడు. ఏడాది చదువు కళ్లముందే చెప్పులేసుకుంటోంది. మార్కులెయ్యడానికి వచ్చిన మేడం వైపు చూస్తే, ఆ మహాతల్లి మూలన కూర్చుని తల ఎత్తకుండా రాసుకుంటోంది.

"కాకా, ఆగు! చిన్నమ్మను ఇప్పుడే తీసుకురా. కానీ నువ్వూ ఒక పని ఒప్పుకోవాలి. ఆమె ఏదంటే అది, మేస్త్రీ చెప్పినట్టే, తిరిగి చెప్పాలి."

అరగంటలో బాలవ్వ వచ్చింది. మొగుడికి వీపు తిప్పి హిమశ్రీతోనే మొదలుపెట్టింది. "పన్ను సలుపుతుందని ఐదు దినాలు చెప్పిన."

"పన్ను సలుపుతుందని ఐదు దినాలు చెప్పినవ్!" కిటికీ అద్దాలు గజగజమన్నాయి.

"ఆఁ ఆఁ అనుకుంట ఫోన్ జూసిండు. ఒక్కదాన్నే పర్వత్ పాటియా దవాఖానకు పోయి పీకిచ్చుకున్న."

"ఫోన్ జూసిన. ఒక్కదానివే పోయి పీకిచ్చుకున్నవ్..."

"నోట్ల దూది వెట్టుకొని వంట జేస్తె, కూరల ఉప్పు లేదన్నడు."

లస్మయ్య నోరు తెరిచాడు. "ఉప్పు లేదన్న," అని గొణిగాడు. దగ్గరికి జరిగి, "భయమైందా?" అని అడిగాడు.

హిమశ్రీకి ఏదో ఒకటి అనాలని ప్రాణం కొట్టుకుపోయింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది.

బాలవ్వ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "కాదా మరి? సూది జూస్తె నాకు పానం పోతదని నీకు తెల్వదా?"

"తెల్సు. నేను రావాల్సుండె."

హిమశ్రీకి కడుపు నిండిపోయింది. అంతలోనే పరీక్ష గుర్తొచ్చింది. కథ సుఖాంతమైతే మూడో ఆదివారం వచ్చేదెవరు? "వచ్చే ఆదివారం మరి..." అని నసిగింది.

"ఇంకెందుకు బిడ్డా? పని అయిపాయె గదా!" అన్నాడు లస్మయ్య.

"ఏడ అయింది?" బాలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గిప్పటిదాంక పన్ను ముచ్చటొక్కటే అయింది. పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. ఆదివారం నువ్వు రాకుంటె నేనే గుంజుకొస్త."