రాజలక్ష్మి గడప దాటిన శుక్రవారం

చూలై పేటలో రేకుపెట్టెలు చేసే వీరరాఘవులు ఇంట్లో శుక్రవారం తెల్లారితే కూతురు కోకిలకు తలంటు. నూనె వెచ్చబెట్టేదీ శీకాయ కలిపేదీ కోకిలే. తల రుద్దేది మాత్రం వాళ్ళమ్మ రాజలక్ష్మి. ఆమె చనిపోయి తొమ్మిదేళ్ళు. పోయిన మూడో వారం నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. స్నానాలగది గడప దాటదు, నోరు విప్పదు, కూతురి జుట్టు పిండి వెళ్ళిపోతుంది.

ఎదురింటి అంజలై "రాజలక్ష్మి వచ్చిందా?" అని గోడమీంచి అడిగి తన పనిలో పడేది. "శీకాయ కొంచెం చూసి వాడమను మీయమ్మను" అని వీరరాఘవులు గొణిగేవాడు. ఆ గదివైపు మాత్రం తొంగిచూసేవాడు కాదు.

కోకిలకు ఇరవైరెండు. టి. నగర్‌లో చీరలంగట్లో పని. నాయన దగ్గుమందు కోసం సౌకార్‌పేట మందులషాపుకు పోయివస్తూ, అక్కడ పనిచేసే బాలసుందరం మీద మనసు పడింది. ఒక మధ్యాహ్నం అతని గదిలో జరగవలసింది జరిగిపోయాక భయంతో ఏడ్చింది.

"ఏడవొద్దుమా. కొత్త మాత్రలొచ్చినాయి. ఇప్పుడు రెండు, పన్నెండు గంటలాగి రెండు. కడుపు నిలవదు. మందుల షాపోణ్ణి, నాకు తెలీదా?"

నీళ్ళగ్లాసు కూడా తనే అందించాడు. మిగతా రెండూ కోకిల కొంగున ముడేసుకుని పోయి, గడియారం చూసి మరీ మింగింది.

రెండు నెలలు బయటచేరలేదు. గురువారం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు పోయి అడిగింది.

"మాత్రలు వేసుకుంటిని గదా, ఇదెట్లా?"

బాలసుందరం సీసాలు సర్దుతూ తలెత్తలేదు. "అవి కాల్షియం మాత్రలు కోకిలా."

"ఏందీ?"

"అసలువి తీయాలంటే డాక్టరు చీటీ కావాల. ఎవరికని ఓనరు అడుగుతాడు. నువ్వేమో ఏడుస్తా ఉంటివి. ధైర్యానికని ఇచ్చినా. ఒక్కసారికే అవుతుందనుకోలేదు."

కోకిల కళ్ళముందు ఆ నీళ్ళగ్లాసే నిలిచింది. తాను మింగుతుంటే నవ్వుతూ చూశాడు. అన్నీ తెలిసే చూశాడు.

"వెనకసందులో ఒకామె ఉంది. నర్సే. రేపు పో, గంటలో అయిపోతుంది" అంటూ కాగితం మీద గుర్తులు రాసిచ్చాడు.

"నువ్వు రావా?"

"ఎవరన్నా చూస్తే?"

మర్నాడు తలంటుకు కూచుని కోకిల అంతా చెప్పేసింది. "ఆమె నర్సేనంటమ్మా. పదింటికి పోతా."

జుట్టులో చేతులు ఆగిపోయాయి. రాజలక్ష్మి గబగబా రెండు చెంబులు పోసి, కూతురి తలకు తువ్వాలు చుట్టి, చీర కట్టించి, చెయ్యి పట్టుకుని గడప దాటింది. కాఫీ తాగుతున్న వీరరాఘవులు లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని చూడకుండానే సాగిపోయింది. వీధిలో అంజలై తన బక్కెట్టు పక్కకు జరిపి "బయలుదేరినావా రాజలక్ష్మీ, నిదానం" అంది.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసడిగింది. "ఇరవైరెండా? చట్టప్రకారం నీ సంతకం చాలు. మర్నాడే వచ్చుంటే మాత్రలతో పోయుండేది గదమ్మా."

"వేసుకున్నాననే అనుకున్నానమ్మా."

తోడెవరని నర్సు అడిగితే "మా అమ్మ" అంది కోకిల. నర్సు రాజలక్ష్మిని చూసి పేరు రాసుకుంది.

అంతా అయ్యాక, వార్డులో గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, తొమ్మిదేళ్ళుగా వినని గొంతు పలికింది.

"నొప్పా?"

"కాదమ్మా. నమ్మినాను గదా."

"నేనూ నమ్మినానే. ఇంకో బిడ్డను సాకలేమని మీ నాయన నన్ను అట్లాంటి సందుకే పంపినాడు. నర్సేనన్నాడు. మూడు దినాలు నెత్తురు పోయింది. ఆసుపత్రికి తీసకపొమ్మంటే, నలుగురికీ తెలుస్తుందన్నాడు."

కోకిల లేచి కూచుంది. "విషజ్వరమని చెప్పినాడే నాయన!"

రాజలక్ష్మి దగ్గరకు జరిగింది. ఇంకా చెమ్మారని కూతురి జుట్టు వేళ్ళతో పాయలు తీసింది.

సాయంత్రం బస్సెక్కారు. "ఎక్కడికి?" అన్నాడు కండక్టరు. చూలై అనే మాట కోకిల నోటిదాకా వచ్చి ఆగింది. చీరలంగడి అమ్మాయిలు ఉండే హాస్టల్లో ఒక మంచం ఖాళీగా ఉంది, నాయనే వద్దంటూ వచ్చాడు.

"టి. నగర్. రెండు."

కండక్టరు రెండు టికెట్లు చింపి, ఒకటి రాజలక్ష్మి చేతిలో పెట్టాడు.