జాబెజ్ పొయ్యి మీది కుండ

కోంబ్‌స్టో పట్టణంలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయాలంటే భూమి అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. మగవాడై ఉండి, ఆరు నెలలుగా సొంత పొయ్యి మీద కుండ ఉడికించుకుంటూ ఉంటే చాలు. ఇంకొకరి కుండలోంచి తినేవాడికి మాత్రం ఓటు లేదు. పీపాలు చేసే జాబెజ్ టక్కెట్ ఇంట్లో కుండ పెళ్ళయిన నాటినుంచీ ఉడుకుతూనే ఉంది. ఉడికించింది భార్య, ఓటు మాత్రం ఆయనది. ఇదేం న్యాయమని ఆవిడ బతికుండగా ఎవరూ అడగలేదు.

క్రిస్మస్‌కు ముందు ఆవిడ పోయింది. ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవలేదు. పక్క వీధిలో ఉండే కూతురు కెజియా పూటపూటకీ గిన్నె పంపేది. కొన్నాళ్ళు తిన్నాక జాబెజ్‌కి ఓటు సంగతి గుర్తొచ్చింది. వేసవిలో ఎన్నికలు. ఊరి భూములన్నీ తనవే అయిన ప్రభువుగారి మేనల్లుడు గెలిస్తే, అందరూ మేపుకునే ఊరి బీడుకు కూడా కంచె వేసుకునే చట్టం తెస్తాడు. ఇక కెజియా పెద్దబాతులకు గడ్డిపరక దొరకదు. దానికి అడ్డుపడతానన్నవాడు ఉన్ని వ్యాపారి లవెరింగ్ ఒక్కడే. జాబెజ్ గిన్నె తిప్పి పంపేశాడు.

కెజియా రుసరుసలాడుతూ వచ్చింది. "నా వంట చేదయిందా నాన్నా?"

"కాదే. నీ కుండలోది తింటే నా ఓటు పోతుంది."

"ఓటు కడుపు నింపుతుందా? అమ్మ ఉన్నన్నాళ్ళూ గరిటె ముట్టని మనిషివి!"

ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత తండ్రితో మాటల్లేవు.

జాబెజ్ తనే వండుకున్నాడు. బఠాణీలు మాడేవి, టర్నిప్పు దుంప ఉడికేది కాదు, ఉప్పు గుర్తుండేది కాదు. తిట్టుకుంటూ తిన్నాడు. భార్య గుర్తొచ్చి ఏడుస్తూ కూడా తిన్నాడు.

ఓట్లనాడు సంతవీధిలో వేదిక వేశారు; దానిమీద నిలబడి, ఎవరికి ఓటో అందరి ముందూ పైకి చెప్పాలి. జాబెజ్ మెట్లెక్కగానే ప్రభువు తరఫు వకీలు క్రంప్ అడ్డుపడ్డాడు.

"ఈయన కూతురి కుండ మీద బతుకుతున్నాడు. ఓటు చెల్లదు."

ఎన్నికల అధికారి కెజియాను పిలిపించాడు. కోపం తీర్చుకోవాలంటే ఆమెకు ఒక్క మాట చాలు.

"నాన్నకి గిన్నె పంపావా అమ్మా?" క్రంప్ తియ్యగా అడిగాడు.

"పంపాను బాబూ. తిప్పి పంపాడు. క్రిస్మస్ కూడా కాలేదప్పటికి."

"మరి ముసలాయనకి వంటొచ్చా?"

"రాదు."

జనం గొల్లుమన్నారు. క్రంప్ ముఖం వెలిగిపోయింది.

"ఆయన ఇంట్లో లేనప్పుడు మూత తీసి చూసేదాన్ని. ఓసారి చెంచాడు నోట్లో పెట్టుకున్నా. అది పెడితే మా పంది కూడా నామీద అలుగుతుంది. ఈ ఊళ్ళో ఏ ఆడదైనా అలా వండి పంపుతుందా బాబూ? అది అచ్చంగా ఆయన వంటే!"

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "చెల్లుతుంది. ఎవరికయ్యా నీ ఓటు?"

జాబెజ్ టోపీ తీసి, సంతవీధి చివరిదాకా వినపడేలా "లవెరింగ్‌కి!" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కెజియా పొయ్యి ముందు కూర్చుని ఉంది. చేతిలో ఉప్పు పొట్లం.

"మా ఇంట్లో తినమననులే. ఏడేళ్ళకి మళ్ళీ ఎన్నికలొస్తాయిగా."

"అయితే ఆ ఉప్పేదో నువ్వే వెయ్యి."

"నేను వెయ్యను. మళ్ళీ క్రంప్ దిగుతాడు. నువ్వే వెయ్యి, ఎంతో నేను చెప్తా."

జాబెజ్ వేశాడు, కలిపాడు, ఆమెకో గిన్నె పోశాడు. కెజియా ముఖం చిట్లించుకుంటూనే అడుగంటా తినేసి, గిన్నె మళ్ళీ చాపింది.