దేవుళ్ళ అంట్లు

"మసి పూర్తిగా పోవాలి సిల్లా. మసితో కరిగిస్తే కంచు నల్లబడుతుందట," అంటూ మా ఆయన మూటని బూడిదకుండ పక్కన దించి స్నానానికి వెళ్ళాడు. రాజుగారి ఖజానా ఖాళీ అయినప్పటినుంచీ కాశ్మీరంలో గుళ్ళు కూడా ఖాళీ అవుతున్నాయి. విగ్రహాలు పెకలించి తెచ్చే ఉద్యోగం మా ఆయనది. వాటిని తోమే పని నాది. దానికి ఉద్యోగమని పేరు లేదు.

"లోఠకుడు తెచ్చే కంచు అద్దంలా ఉంటుంది," అని మెచ్చుకుని రాజుగారు మా ఆయనకి శాలువా కప్పారు. ఆ శాలువా ఉతికిందీ నేనే. మొదట్లో ఈ పని నావల్ల కాదంటే మా అత్తగారు నవ్వింది. "అంట్లు తోమే చేతికి గిన్నయితేనేం, దేవుడయితేనేం?" నిజమే కాబోలనుకున్నాను. అలా అనుకున్నందుకే నాకు సిగ్గు. వితస్త నది రేవులో దిగగానే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్కకు జరుగుతారు. "దారివ్వండే, దేవుళ్ళ అంట్లు తోమే అమ్మగారొచ్చారు," అంటుంది విజ్జమ్మ. తలెత్తలేను. ఇంటికొచ్చి మళ్ళీ పీచు పట్టుకుంటాను.

ఇవాళా అంతే. పొయ్యిమీద తామరతూళ్ళు ఉడికాయో లేదో చూసుకుంటూ తోముతున్నాను. నెయ్యి, కుంకుమ, ఏళ్ళనాటి మసి ఊడి వస్తున్నాయి. సగం మొహం మెరిశాక కనిపించింది, అరిగిపోయిన ముక్కు. మా పుట్టింటి ఊరి అమ్మవారు! పురుడు పోసుకున్న ప్రతి ఆడదీ ఆ ముక్కు నిమిరి నెయ్యి రాస్తుంది. నేను పుట్టినప్పుడు మా అమ్మా రాసింది. ఆ నెయ్యిని ఈ చేత్తోనే గీకేశాను. ఎవరిని తోముతున్నానో చూసుకోకుండా తోమాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మొన్ననే, గుడిగంట దాచాడని ఒక పూజారి చేతులు నరికించారు రాజుగారు. అది తలుచుకుంటూనే అమ్మవారిని కంబళిలో చుట్టి, పట్టపగలే రేవుకి నడిచాను. ఆడవాళ్ళు జరిగారు. విజ్జమ్మ ఏదో అనబోయి, కంబళి జారి బయటపడ్డ, సగం నల్లగా సగం తళతళగా ఉన్న ఆ మొహం చూసి బిందె కింద పెట్టింది. నడుముదాకా చన్నీళ్ళలోకి దిగి, లోతున్నచోట అమ్మవారిని వదిలేశాను. గట్టెక్కుతుంటే విజ్జమ్మ చెయ్యందించింది. నా చేతికింకా బూడిద ఉంది.

మా ఆయన గుమ్మంలోనే ఎదురయ్యాడు. "విగ్రహమేదే?"

"నీళ్ళలో వదిలేశాను."

"నీకేమైనా పిచ్చా? రాజుగారికి నేనేం చెప్పను?"

తడికొంగు పిండుతూ చెప్పాను.

"నా పేరు చెప్పండి. ఇన్నాళ్ళూ తోమింది కూడా నేనేనని చెప్పండి."