ఎర్రగడ్డల మైకు

నేను ఒక చేతిమైకును. తోపుడుబండ్లకు వేలాడుతూ, చెప్పిందే చెబుతూ వీధుల్లో తిరిగే నా జాతిని మీరు చూసే ఉంటారు. మధ్యాహ్నం కునుకు తీసే వేళ మమ్మల్ని తిట్టుకునీ ఉంటారు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి మూతి, పిడి దగ్గర ఒక మీట, పక్కన రికార్డు చేసే ఎర్ర బొత్తాం. మీట నొక్కి వదిలితే నాలో దాచిన మాట పలుకుతాను, అదిమి పట్టుకుంటే ఎదుటివాళ్ల గొంతు పెద్దది చేస్తాను. అంతే నా రూపం.

ఏ ఊళ్లో పుట్టానో నాకు సరిగా తెలియదు. రేకుల షెడ్డులో పొడుగాటి బల్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు నాలాంటి వాళ్లను వరసగా బిగించేవాళ్లు. చివర కూర్చున్న ఆమె ప్రతి మైకులోనూ "హలో హలో" అని పరీక్షించి అట్టపెట్టెలో పడేసేది. నేను పలికిన మొదటి మాట అదే. మనుషులకు పుట్టుకతోనే గొంతు ఉంటుంది. దాన్ని పెద్దది చేసుకోవడానికి మళ్లీ మా అవసరం పడుతుంది. ఆ గొంతుతో ఏం చెప్పాలన్నది మాత్రం వాళ్లిష్టం. మాకు అందులో ప్రమేయం లేదు.

మార్కాపురంలో ఒక కరెంటు సామాన్ల కొట్లో దుమ్ము పట్టి కూర్చున్న నన్ను వజ్రమ్మ కొన్నది. ఆమె, భర్త మాలకొండయ్య తోపుడుబండి మీద ఎర్రగడ్డలు అమ్మేవాళ్లు. ఆయన బండి తోసేవాడు, ఆమె ముందు నడుస్తూ కేకేసేది. ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆమెకు గొంతు నొప్పి పట్టుకుంది. డాక్టరు అరవొద్దన్నాడు. అందుకని నేను వచ్చాను.

ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె నా ఎర్ర బొత్తాం నొక్కింది. మాలకొండయ్య ఎదురుగా గడ్డలు ఏరుతున్నాడు.

"ఎర్రగడ్డలమ్మో, ఎర్రగడ్డలు! మీ వాకిట్లోకే వచ్చినాయి. రాండమ్మా, చూసి తీసుకోండి! ఏడిపించే గడ్డలు కాదమ్మో!" అని పాటలాగా సాగదీసి చెప్పింది. బొత్తాం నుంచి వేలు తీయడం మర్చిపోయి, "ఏమయ్యా, అయిపోయిందా? దీన్ని ఆపేదెట్టా?" అని అడిగి పకపకా నవ్వింది. ఆ అడగడమూ ఆ నవ్వూ కూడా నాలో పడిపోయాయి.

తర్వాత విని సిగ్గుపడింది. "తుడిపేసి మళ్లా చెప్తానయ్యా," అంది.

"ఉండనీయే, బాగుంది," అన్నాడాయన.

నిజంగానే బాగుంది. నేను సందు మలుపులో ఉండగానే లోపలి నుంచి ఆడవాళ్లు "ఆపేదెట్టా వచ్చింది!" అంటూ గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. నాలో ఒక్క మాటే పడుతుంది, కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది. కానీ ఆ ఇంట్లో నా ఎర్ర బొత్తాం జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

వజ్రమ్మకు ఒక తమ్ముడు, చెన్నకేశవులు. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని చంకనేసుకుని పెంచింది ఈమే. ఊళ్లో కేబుల్ టీవీ వ్యాపారం చేసేవాడు, ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాడు కాదు. కౌన్సిలరు కావాలని అతని కోరిక. బండి ఎదురుపడితే అక్కను పలకరించకుండా పోయేవాడు కాదు, కానీ నన్ను చూస్తే మాత్రం మొహం చిట్లించేవాడు. "ఆ మైకు కాసేపు కట్టెయ్యక్కా, పక్కన మనుషులుండారు," అనేవాడు.

వజ్రమ్మకు గర్భసంచిలో గడ్డ అన్నారు. ఒంగోలులో ఆపరేషను. బయల్దేరేటప్పుడు చీరల సంచిలో నన్నూ పెట్టింది, ఇంట్లో వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని. అలా నేను ఆసుపత్రి వరండాలో బెంచీ కింద, ఆమె చీరల మధ్య పడి ఉన్నాను.

ఆపరేషను మధ్యలో రక్తం ఆగలేదు. నర్సు పరుగున బయటికొచ్చింది. ఆమెది ఓ నెగెటివ్, ఆ రక్తమే ఎక్కించాలి, తెచ్చి పెట్టుకున్నది అయిపోయింది, రక్తనిధిలోనూ లేదు. "దగ్గరోళ్లు ఎవరన్నా ఉండారా? అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు?"

మాలకొండయ్య తన చెయ్యి చాపాడు. ఆయనది వేరే గ్రూపని తేలింది. అప్పుడే చెన్నకేశవులు మెట్లెక్కి వచ్చాడు.

"కేశవులూ, నీ గ్రూపేందిరా?"

"నాది బీ పాజిటివ్ బావా."

"ఖాయంగానా? ఒకసారి చూపించుకోరాదూ, పక్కనే."

"కాలేజీలోనే చూసినారు బావా. ఈడ కూర్చుంటే ఏమొస్తది, నేను బయట తిరిగి పట్టుకొస్తా."

అతను వెళ్లాడు. మాలకొండయ్య కూడా రోడ్డు మీద పడ్డాడు. టీ కొట్ల దగ్గర, బస్టాండులో, కనపడ్డ ప్రతివాణ్ణీ అడిగాడట. ఇస్తామన్నవాళ్లు చాలామందే దొరికారు. వాళ్లలో తన గ్రూపు తెలిసినవాడే లేడు. సాయంత్రం ఇద్దరూ వట్టి చేతులతో వచ్చేసరికి వజ్రమ్మ లేదు. చెన్నకేశవులు గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. నేను గొంతుల మధ్య బతికినదాన్ని, నాకు తెలుస్తుంది.

కర్మలయ్యాక మాలకొండయ్య చాలాకాలం బండి తీయలేదు. అరుగు మీద కూర్చుని నా మీట నొక్కేవాడు. "దీన్ని ఆపేదెట్టా?" అని ఆమె అడిగేది. ఆయన ఆపేవాడు. మళ్లీ నొక్కేవాడు.

ఒకరోజు బావమరిదిని పిలిచాడు. "నేను ఒంగోలు దాకా నడుస్తారా. దారిలో ప్రతి ఊళ్లో ఆగి చెప్తా. మీ గ్రూపేందో తెలుసుకోండి, రక్తమియ్యండి అని. ఇంకో ఇంట్లో ఇట్టా జరగగూడదు."

చెన్నకేశవులు "నడుద్దాం బావా. అన్నీ నేను చూసుకుంటా," అన్నాడు. చూసుకున్నాడు కూడా. అనుమతులు తెచ్చాడు, వెనక ఆటో పెట్టాడు, పెద్ద ఊళ్లలో రక్తదాన శిబిరాలకు మనుషుల్ని మాట్లాడాడు. ఫ్లెక్సీ కొట్టించాడు. దాని నిండా వజ్రమ్మ బొమ్మే, కింద చిన్న అక్షరాల్లో అతని పేరు.

మొదటి పల్లె దగ్గర మాలకొండయ్యకు ఏం మాట్లాడాలో తోచలేదు. మాటలమ్మే మనిషి కాదాయన, బండి తోసే మనిషి. నా మీట నొక్కాడు. "ఎర్రగడ్డలమ్మో, ఎర్రగడ్డలు!" అని వజ్రమ్మ పిలిచింది. ఆడవాళ్లు సంచులు పట్టుకుని వచ్చారు. బండి లేదు, గడ్డలు లేవు. చివర్లో ఆమె నవ్వు విని కొందరు నవ్వారు.

"గడ్డలేవయ్యా?" అని ఒక పెద్దామె అడిగింది.

"లేవమ్మా. ఇప్పుడు పిలిచింది నా భార్య. ఆమె కూడా లేదు. రక్తం దొరక్క పోయింది," అన్నాడు మాలకొండయ్య.

నవ్విన వాళ్లు నోళ్లు మూసుకున్నారు. ఒకామె సంచి అక్కడే పెట్టి, "నా గ్రూపు ఎట్టా తెలుస్తది నాయనా? యాడ చూపియ్యాలి?" అని అడిగింది. ఆ తర్వాత ప్రతి ఊళ్లో అదే జరిగింది. ఆమె పిలిచేది, వాళ్లు వచ్చేవాళ్లు, ఆయన ఆ నాలుగు ముక్కలూ చెప్పేవాడు. నేను పుట్టినందుకు ఎప్పుడైనా గర్వపడ్డానంటే ఆ దారిలోనే. ఆయన కాళ్లు బొబ్బలెక్కాయి. చెప్పులు చేత పట్టుకుని గడ్డి వెంట నడిచేవాడు.

పొదిలి చేరేసరికి ఫ్లెక్సీ మారింది. కొత్తదాంట్లో చేతులు జోడించిన చెన్నకేశవులు నిలువెత్తున ఉన్నాడు, వజ్రమ్మ మూలన అరచేయంత. మాలకొండయ్య దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. శిబిరాల్లో అందరినీ మంచాల మీదికి పిలిచే చెన్నకేశవులు తాను మాత్రం పడుకునేవాడు కాదు. "బీపీ మాత్ర వేసుకుంటన్నా," అనేవాడు.

పొదిలి దాటాక ఒక బడి వరండాలో మధ్యాహ్నం అన్నాలు తిన్నారు. మాలకొండయ్య గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ఆటో డ్రైవరు కాలక్షేపానికి నా మీట నొక్కాడు. వజ్రమ్మ గొంతు వినగానే చెన్నకేశవులు ఉలిక్కిపడి అతని చేతిలోంచి నన్ను లాక్కున్నాడు. "పాదయాత్రలో ఎర్రగడ్డలేందయ్యా, నవ్వులాటగా ఉంది," అని బడి వెనక్కి తీసుకెళ్లాడు. ఎర్ర బొత్తాం మీద వేలు పెట్టి ఆగాడు. తర్వాత నొక్కాడు.

"సోదర సోదరీమణులారా! వజ్రమ్మ స్మారక రక్తదాన మహా పాదయాత్ర! మీ సేవకుడు, మీ చెన్నకేశవులు!"

ఆపమని అరవడానికి నాకంటూ గొంతు ఉంటే కదా. అతను చెప్పిన మాటతోనే ఆమెను తుడిచేయాల్సి వచ్చింది.

తర్వాతి పల్లె మొదట్లో మాలకొండయ్య మామూలుగా మీట నొక్కాడు. చెన్నకేశవులు గొంతు వచ్చింది. నన్ను దులిపి మళ్లీ నొక్కాడు. అదే వచ్చింది. బ్యాటరీలు తీసి వేశాడు. అదే వచ్చింది. ఎండలో, తారు రోడ్డు మీద, అక్కడే కూలబడ్డాడు.

"యాడికి పోయిందిరా?"

"ఏంది బావా?"

"మీ అక్క."

చెన్నకేశవులు తల తిప్పుకున్నాడు. "దాంట్లో ఒకటే పడతది బావా. మైకుదేముంది, మన గుండెల్లో ఉంది గదా అక్క."

నా బతుకులో నేను ఎన్నో మాటలు విన్నాను. అంత తేలికైన మాట మళ్లీ వినలేదు. మాలకొండయ్య కొట్టలేదు, తిట్టలేదు. ముందు ఊళ్లలో జనం ఎదురుచూస్తున్నారని లేచి నడిచాడు. నన్ను మాత్రం ఆటోలో పడేశాడు. ఇక ముట్టుకోలేదు. చెరిపినవాడికీ చెరిపించుకున్నదానికీ ఆయన తేడా చూడలేదు.

ఒంగోలులో చివరి సభ. షామియానా, పూలదండలు, ఫోటోలవాళ్లు. పార్టీ నాయకుడు ఒకాయన వచ్చాడు. చెన్నకేశవులు భుజం మీద చెయ్యి వేసి, "ఆఖరి రక్తదానం తమ్ముడిదే కావాలి! సొంత అక్క కోసం!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను బీపీ అన్నాడు. అక్కడే ఉన్న డాక్టరు బీపీ చూసి బాగుందన్నాడు. ఫోటోలవాళ్లు మంచం చుట్టూ మూగారు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

రక్తపరీక్ష చేసే అమ్మాయి వేలు గుచ్చి గాజు పలక మీద చుక్కలు వేసింది. సభ నడిపే కుర్రాయన ఆటోలోంచి తెచ్చిన నన్ను ఆమె మూతి దగ్గర పెట్టి మీట అదిమి పట్టుకున్నాడు. "మన కేశవులన్న గ్రూపేందో అందరికీ చెప్పమ్మా!"

"ఓ నెగెటివ్ సార్! చాలా అరుదు. మీలాంటోళ్లు కావాలి సార్ మాకు!" అంది ఆ అమ్మాయి సంతోషంగా.

ఆ మాట నాలోంచే షామియానా చివరిదాకా వెళ్లింది. చివర, తడిగుడ్డ చుట్టిన కాళ్లతో మాలకొండయ్య కూర్చుని ఉన్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆయన లేచి, మంచాల మధ్యగా మెల్లగా నడిచి వచ్చాడు.

"నీకు తెలుసా?"

చెన్నకేశవులు బొంకుతాడనుకున్నాను. బొంకలేదు.

"తెలుసు బావా. సూదంటే భయం. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి, అక్కకీ తెలుసు. ఎవరో ఒకరు దొరుకుతార్లే అనుకున్నా. ఇంత పెద్ద ఊళ్లో ఒక్కడన్నా దొరకడా అనుకున్నా బావా…"

ఆ మాటలూ నాలోంచి అందరికీ వినపడ్డాక కుర్రాయన గబుక్కున మీట వదిలేశాడు. నాయకుడు ఫోను చెవిన పెట్టుకుని కారు వైపు వెళ్లిపోయాడు. చెన్నకేశవులు మంచం దిగబోయాడు. మాలకొండయ్య అతని గుండె మీద చెయ్యి వేసి ఆపాడు.

"పడుకో."

"బావా…"

"పడుకోరా. ఇప్పుడన్నా ఇయ్యి."

సూది దిగుతుంటే చెన్నకేశవులు కళ్లు గట్టిగా మూసుకుని చిన్నపిల్లాడిలా వణికాడు. మాలకొండయ్య పక్కన కూర్చుని అతని రెండో చెయ్యి పట్టుకున్నాడు. అక్క ఉంటే పట్టుకునేదేమో, అలా. సంచి నిండేదాకా వదల్లేదు. నిండాక చెయ్యి విడిపించుకుని లేచాడు.

"కారులో పోదాం బావా," అన్నాడు చెన్నకేశవులు, దూది అదుముకుంటూ.

"నా ముందర నడవబాక, నా ఎనక రాబాక. నీ దారిన నువ్వు పో."

ఆయన చెప్పులు తీసుకుని బస్టాండు వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు. నేను మంచం అంచున ఉన్నాను. వెనక్కి తిరుగుతాడని, నాకోసమైనా వస్తాడని చూశాను. రాలేదు.

అప్పటి నుంచి నేను చెన్నకేశవులు ఇంట్లో, తలుపు పక్క అల్మారా మీద ఉన్నాను. అతనికి టికెట్టు రాలేదు. కొంతకాలానికి అడగడం కూడా మానేశాడు. మాలకొండయ్య మళ్లీ బండి తోస్తున్నాడని, సొంత గొంతుతోనే కేకేస్తున్నాడని, ఎవరికి రక్తం కావాలన్నా జనం ఆయన్నే అడుగుతున్నారని ఈ ఇంటి మాటల్లో విన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నాలోని మాటను ఎవరూ వినాలనుకోరు, చెన్నకేశవులు కూడా.

మొన్న పొద్దున తలుపు చప్పుడైంది. మాలకొండయ్య. గడప ఇవతలికి రాలేదు.

"ప్రసవానికొచ్చిన ఒక పిల్లకి నీ గ్రూపు కావాలంట. వస్తావా?"

చెన్నకేశవులు తింటున్న పళ్లెం వదిలేసి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు కూడా సరిగా పెట్టుకోలేదు. అతను చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు మాలకొండయ్య తల ఎత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. మరుక్షణం చూపు తిప్పుకుని, వాకిట్లో ఆపిన మోటారుసైకిలు స్టార్టు చేశాడు.

చెన్నకేశవులు వెనక ఎక్కాడు, బావ వీపుకు తగలకుండా కాస్త దూరంగా. తలుపు తెరిచే ఉంది. వీధి చివర బండి మలుపు తిరిగేదాకా వాళ్లను చూస్తూ ఉండిపోయాను.